తొట్టిలో విశాఖ సముద్రం: నాలుగేళ్ళ అనుభవం

మా ఇంటి హాలులో ఉప్పునీటి తొట్టి పెట్టి ఈ కార్తీక మాసానికి నాలుగేళ్ళు నిండుతాయి. అందులో ఇప్పుడున్న చేపలలో ఒక్కటి కూడా దుకాణంలో కొన్నది కాదు. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్ళపాలెం దగ్గర, మంగమారిపేట రాళ్ళ మధ్య, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మిగిలే గుంటలలో నేను పట్టుకొచ్చినవి కొన్ని, జాలరులు వలలో పడిన చిల్లరలోంచి ఏరి ఇచ్చినవి కొన్ని. స్థానిక చేపలను ఇలా పెంచాలన్న కోరికతో అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు గనుక, నేనేం చేశానో, ఎక్కడెక్కడ తప్పానో రాసి పెడుతున్నాను. తప్పిన చోట్లే ఎక్కువ ఉన్నాయి.

అందరిలాగే నేనూ దుకాణంతోనే మొదలుపెట్టాను. నారింజ రంగు క్లౌన్ చేపలు రెండు, నీలి రంగు డామ్‌సెల్ ఒకటి కొన్నాను. అవి ఏ దేశపు పగడపు దిబ్బల మీద పట్టినవో, ఎన్ని చేతులు మారి, ఎన్ని రాత్రులు ప్లాస్టిక్ సంచులలో గడిపి మా ఇంటికి చేరాయో నాకు తెలియదు. మూడు వారాలు తిరిగేసరికి మూడూ పోయాయి. ఆ తరువాతి ఆదివారం మా అమ్మాయితో కలిసి జోడుగుళ్ళపాలెం వైపు నడుస్తూ ఉండగా, మోకాలి లోతు కూడా లేని ఒక రాతి గుంటలో, ఒంటి మీద ఐదు నల్ల చారలతో, వీపు మీద పసుపు ఛాయతో బొటనవేలంత చేపలు పది పన్నెండు తిరుగుతూ కనిపించాయి. వేలు పెట్టి చూస్తే ఆ నీరు గోరువెచ్చగా ఉన్నది. "నాన్నా, మనం కొన్నవాటి కంటే ఇవే బాగున్నాయి" అన్నది మా అమ్మాయి. అవి సార్జెంట్ మేజర్ అనే రకం, అబుడెఫ్‌డఫ్ ప్రజాతికి చెందినవి. మండుటెండకు వేడెక్కి, వాన పడితే ఉప్పు తగ్గి, గంటల తరబడి సముద్రంతో సంబంధం తెగిపోయే గుంటలో బతకగలిగిన చేప మా హాలులో ఎందుకు బతకదని నేను లెక్క వేసుకున్నాను. ఆ లెక్క సగమే నిజమని తేలడానికి ఏడాది పట్టింది.

తొట్టి సంగతి త్వరగా చెబుతాను. పొడవు మూడడుగులు, వెడల్పు, ఎత్తు చెరొక అడుగున్నర. అంచుల వరకు నింపితే సుమారు 190 లీటర్లు పడుతుంది. అద్దాల దుకాణంలో పది మిల్లీమీటర్ల మందం గాజు కోయించి, సిలికాన్‌తో అతికించాము. మొదట ఇనుప స్టాండు చేయించాను. సముద్రపు గాలికి కిటికీ ఊచలే తుప్పు పట్టే ఊరిలో, ఉప్పునీటి తొట్టి కింద ఇనుము పెట్టడం ఎంత తెలివైన పనో ఆరు నెలలలోనే తెలిసి వచ్చింది. ఇప్పుడున్నది చెక్క స్టాండు. అడుగున వేసిన ఇసుక విషయంలోనూ అటువంటిదే జరిగింది. భీమిలి ఒడ్డున దొరికే ఇసుకను కడిగి వేశాను. మన తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలు ఉంటాయని చదివి కూడా, దానికీ తొట్టికీ సంబంధం ఉంటుందని తోచలేదు. అద్దానికి పట్టిన పాచి తీయడానికి వాడే అయస్కాంతపు బ్రష్‌ను మొదటిసారి అడుగు దాకా జార్చి పైకి లాగినప్పుడు, కిర్రుమని సన్నటి చప్పుడు వినబడింది. తీసి చూస్తే బ్రష్ అంచు చుట్టూ నల్లటి రేణువులు మీసంలా అతుక్కొని ఉన్నాయి. ముందు అద్దం మీద జానెడు పొడవున మూడు గీతలు పడ్డాయి. నాలుగేళ్ళుగా చేపలను ఆ గీతల వెనుక నుంచే చూస్తున్నాను. ఆ ఇసుకంతా తీసేసి, చితక్కొట్టి కడిగిన ఆల్చిప్పల గుల్లను పలుచగా పరిచాను. గుల్లలో ఉండే కాల్షియం కార్బొనేట్ నీరు ఆమ్లం వైపు పోకుండా కొంత కాపాడుతుంది, పైగా అయస్కాంతానికి అంటుకోదు.

ఇక నీరు. ఈ పనిలో తొంభై పాళ్ళు నీరే. సముద్రం పక్కనే ఉన్నప్పుడు ప్యాకెట్ ఉప్పు కొని కలుపుకోవడమేమిటని మిత్రులు నవ్వేవారు. నేనూ వారితో ఏకీభవించి, ఇరవై లీటర్ల డబ్బాలు పదింటిని ఆటోలో వేసుకొని వెళ్ళి ఒడ్డునే నింపుకొచ్చాను. అలలు విరిగే చోట నీటిలో ఇసుక, బురద, కుళ్ళిన నాచు కలిసి ఉంటాయి. గట్టి వాన కురిసిన తరువాత నగరంలోని గెడ్డలన్నీ తెచ్చి కుమ్మరించేది కూడా ఆ ఒడ్డునే. హార్బరు దరిదాపుల నీటిని తొట్టికి వాడాలన్న ఆలోచనే చేయకూడదు. కొన్నాళ్ళకు ఒక పద్ధతి కుదిరింది. వాన లేని వారం చూసుకొని, జాలరి పెద్దాయన ఒకరు తన ఫైబర్ బోటులో లోపలికి వెళ్ళినప్పుడు నా డబ్బాలు తీసుకువెళ్ళి, నీరు నీలంగా మారే చోట నింపి తెస్తారు. ఆ నీటిని నాలుగు మడతలు వేసిన పాత పంచెలో వడకట్టి, మూత ఉన్న నల్ల డ్రమ్ములో రెండు వారాలు వెలుతురు తగలకుండా ఉంచుతాను. అందులోని కంటికి కనబడని జీవాలు చనిపోయి అడుగుకు చేరుతాయి. పైనున్న తేట నీటిని మాత్రమే గొట్టంతో తోడుకొని, ఒక రోజు గాలి ఆడించి వాడతాను. పెద్దాయనకు వీలు కానప్పుడు, భీమిలి దారిలో రొయ్య పిల్లల హేచరీలో పనిచేసే స్నేహితుడొకరు రెండు డ్రమ్ములు ఇస్తారు. వారు ఇసుక ఫిల్టరులో వడకట్టి, బ్లీచింగ్ వేసి, మిగిలిన క్లోరిన్‌ను హైపో (సోడియం థయోసల్ఫేట్) అనే మందుతో విరిచిన నీరు అది. నేను తయారుచేసుకొనే నీటి కంటే శుభ్రంగా ఉంటుందని ఒప్పుకోవాలి.

తొట్టి నింపిన వెంటనే చేపలు వేయకూడదన్న సంగతి దుకాణపు చేపలు పోయినప్పుడే నేర్చుకున్నాను. చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమోనియా పుడుతుంది. దానిని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషాలే, మూడవది నీరు మార్చుతూ ఉంటే భరించదగినది. ఈ బాక్టీరియా రాళ్ళ మీద, ఫిల్టరులో సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ గడువును తగ్గిద్దామన్న తొందరలో రుషికొండ దగ్గర బార్నకిల్స్ అనే, రాయికి అతుక్కొని బతికే గుల్ల జీవులు, చిన్న ఆల్చిప్పలు పట్టి ఉన్న రాయి ఒకటి తెచ్చి తొట్టిలో పెట్టాను. ప్రాణం ఉన్న రాయి గనుక బాక్టీరియా కూడా వెంట వస్తుందని నా ఆశ. అలల తాకిడికి అలవాటు పడిన ఆ జీవాలు నిశ్చలమైన నీటిలో నాలుగు రోజులకే చచ్చి, గుల్లల లోపల కుళ్ళాయి. ఉదయం హాలులోకి వస్తే ఎండు చేపల కొట్టులోకి అడుగుపెట్టినట్టుగా ఉన్నది. పరీక్ష గొట్టంలో చుక్కలు వేయగానే నీరు ముదురు ఆకుపచ్చకు తిరిగింది, అంటే అమోనియా పట్టికలో చివరి గడి అన్నమాట. నాలుగు వంతులలో మూడు వంతుల నీరు పారబోసి మొదటికి వచ్చాను. మా ఆవిడ కిటికీలన్నీ తెరిచి, "ఏమండీ, ఇది అక్వేరియమా, చేపల రేవా?" అని మాత్రం అన్నది. ఇప్పుడు తొట్టిలో ఉన్నవి ఏ జీవమూ అంటుకోని, ఒడ్డున పడి ఉండగా ఏరి, ఉడకబెట్టిన ఖొండలైట్ అనే మన ఊరి కొండరాళ్ళు.

చేపలు పట్టడానికి అమావాస్య, పౌర్ణమి, వాటి తరువాతి రెండు రోజులు అనుకూలం. అప్పుడు ఆటుకూ పోటుకూ తేడా మన తీరంలో ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది గనుక, మామూలు రోజులలో మునిగి ఉండే గుంటలు బయటపడతాయి. సముద్రం ఎప్పుడు తగ్గుతుందో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వారి పట్టికలో చూసుకొని, అత్యల్ప స్థాయికి గంట ముందు రాళ్ళ మీదికి చేరి, నీరు మళ్ళీ పెరగడం మొదలు కాగానే బయటికి వచ్చేస్తాను. నాచు పట్టిన ఆ రాళ్ళ మీద జారి, అలకు కొట్టుకుపోయినవారి వార్తలు మన ఊరి పేపర్లలో ఏటా చూస్తూనే ఉంటాము. ఒంటరిగా వెళ్ళను, పిల్లలను చివరి రాళ్ళ దాకా రానివ్వను. నా సరంజామా రెండు పారదర్శకమైన ప్లాస్టిక్ మగ్గులు, మూత ఉన్న బకెట్టు, బ్యాటరీతో నడిచే గాలి పంపు. ఒక మగ్గును రాతి సందుకు ఆనించి కదలకుండా పట్టుకొని, రెండవ మగ్గుతో చేపను నెమ్మదిగా అటు తోలితే, అది కన్నమనుకొని తానే లోపలికి దూరుతుంది. వలతో పట్టితే పొలుసులు రాలి, ఆ చోట పుండు పడుతుంది. గుంటలో పది ఉంటే రెండింటికి మించి తేను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర బోట్లకు వేట నిషేధం ఉన్న 61 రోజులలో, ఆ నిషేధం నా మగ్గులకు వర్తించకపోయినా, నేనూ పట్టడం మానేస్తాను.

గుంటలో కనబడిన ప్రతిదీ తెచ్చుకోదగినది కాదు. సముద్రపు గుర్రాలు, వాటి దగ్గరి చుట్టాలైన పైప్ చేపలు, పగడాలు, సముద్రపు దోసకాయలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి; వాటిని ఇంట్లో పెట్టుకోవడం నేరం. ఒకసారి వలలోంచి తీసిన సముద్రపు గుర్రాన్ని, మా అమ్మాయికి ఆడుకోవడానికి పనికొస్తుందని, ఒక జాలరి నా చేతిలో పెట్టబోయాడు. విషయం చెప్పి, ఇద్దరమూ వెళ్ళి నీటిలో వదిలివచ్చాము.

నన్ను నిజంగా దెబ్బ తీసినది ఉప్పు. పుస్తకాలన్నీ పగడపు దిబ్బల చేపలను దృష్టిలో పెట్టుకొని రాసినవి. లవణీయత 35 దగ్గర, అంటే వెయ్యి పాళ్ళ నీటిలో 35 పాళ్ళ ఉప్పు దగ్గర, కదలకుండా నిలపమంటాయి. నేను అక్షరాలా అలాగే నిలిపాను. మొదటి ఏడాది అక్టోబరు చివరలో నాలుగు సార్జెంట్ మేజర్ పిల్లలను తెచ్చి, బకెట్టు నీటిలో అరగంట పాటు కొద్దికొద్దిగా తొట్టి నీరు కలిపి, లోపలికి వదిలాను. సాయంత్రానికి రెండు ఒక మూల చేరి, రెక్కలు ముడుచుకొని, ఎగశ్వాస తీస్తున్నట్టు మొప్పలు ఎగరేస్తున్నాయి. తెల్లవారేసరికి అవి పోయాయి. మిగిలిన రెండు కోలుకోవడానికి వారం పట్టింది. అమోనియా లేదు, నైట్రైట్ లేదు, రోగం లేదు. మరుసటి వారం నీరు తెచ్చిన పెద్దాయనతో ఈ మాట అంటే, ఆయన తేలిగ్గా, "వానలెళ్ళాక మన కాడ నీళ్ళు సప్పబడతాయి బాబూ, నీకు తెల్దేటి?" అన్నారు. ఆ రోజే ఉప్పును కొలిచే రిఫ్రాక్టోమీటరు తీసుకొని జోడుగుళ్ళపాలెం వెళ్ళాను. అద్దం మీద సముద్రపు చుక్క వేసి కంటికి ఆనించుకుంటే, నీలి గీత 26 దగ్గర ఆగి ఉన్నది. నా తొట్టిలో 35.

గంగ, బ్రహ్మపుత్ర, మహానది వానాకాలంలో బంగాళాఖాతంలోకి తెచ్చి పోసిన మంచినీరు, నైరుతి వెళ్ళిపోయాక తీరం వెంబడి దక్షిణానికి దిగే ప్రవాహంతో కలిసి మన ఒడ్డు మీదుగా సాగుతుంది. అందుకే అక్టోబరు, నవంబరు నెలలలో విశాఖ తీరపు నీటిలో ఉప్పు బాగా పడిపోతుంది. వేసవి ముఖం పట్టేసరికి గాలి వాటం మారి, తీరం దగ్గర లోతు నుంచి చల్లని, ఉప్పన నీరు పైకి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడ పరిశీలించిన విషయాలలో ఇదొకటి. మా వీధి చివర కనబడే సముద్రం ఏడాదిలో ఇంతగా మారుతుందని నలభై ఏళ్ళు ఇక్కడే ఉండి కూడా నేను గమనించలేదు. ఎముకలున్న సముద్రపు చేపల రక్తంలో ఉప్పు, సముద్రపు నీటిలో దాదాపు మూడవ వంతే. ఒంటిలోని నీరు ఎప్పుడూ బయటికి కారిపోతూ ఉంటుంది గనుక, చేప సముద్రపు నీటినే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి తోస్తుంది. 26 ఉన్న నీటికి సర్దుకొన్న చేపను అరగంటలో 35లోకి తోస్తే, ఆ మొప్పలకు కొత్త పని నేర్చుకొనే వ్యవధి ఉండదు. తక్కువ ఉప్పులోకి దింపడాన్ని అది తట్టుకుంటుంది. ఎక్కువ ఉప్పులోకి ఎక్కించడానికి మాత్రం రోజులు కావాలి.

అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ పౌర్ణమికీ సముద్రపు ఉప్పును కొలిచి ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. గత ఏప్రిల్‌లో 34, ఆగస్టులో 31, నవంబరు మొదట్లో 25. తొట్టిని ఒక అంకె దగ్గర బిగించడం మానేసి, వారానికి ఒక పాయింటు మించకుండా, సముద్రం ఎటు నడిస్తే అటు నడిపిస్తున్నాను. నీటి మార్పు సమయంలో ఉప్పు లేని ఆర్‌ఓ నీరు కొంచెం ఎక్కువ కలిపితే దిగుతుంది, డ్రమ్ములోని వేసవి నీరు కలిపితే ఎక్కుతుంది. కొత్త చేపను మాత్రం మందుల షాపులో దొరికే సెలైన్ గొట్టంతో కలుపుతాను: ఒక కొస తొట్టిలో, ఇంకో కొస బకెట్టులో వేసి, చక్రం తిప్పి సెకనుకు రెండు చుక్కలు పడేలా పెట్టి, మూడు గంటలు వదిలేస్తాను. ఈ పద్ధతి మొదలుపెట్టిన తరువాత తెచ్చిన రాత్రే చనిపోయిన చేప ఒక్కటీ లేదు. దిబ్బల చేపలను, పగడాలను పెంచేవారికి ఇలా అంకెను కదపడం అపచారంగా తోచవచ్చు. వారి జీవాలకు వారి మాట నిజమే.

మేత గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. గుంట నుంచి వచ్చిన చేప మొదటి మూడు నాలుగు రోజులు పొడి మేత వైపు కన్నెత్తి చూడదు. పచ్చి రొయ్యను ఆవగింజలంత ముక్కలు చేసి, చీపురు పుల్ల కొసకు గుచ్చి నీటిలో కదిపితే పురుగనుకొని అందుకుంటుంది. వారం తరువాత అదే రొయ్యలో గుళికల పొడి కలిపి అలవాటు చేస్తాను. రాళ్ళ మీద పెరిగే ఆకుపచ్చని ఉల్వా నాచును సార్జెంట్లు, రాతి సందులలో దాగే చిన్న చేపలైన బ్లెనీలు ఇష్టంగా గీరుకు తింటాయి. మా ఇంటికి వచ్చినవారు చేపలకు పచ్చిరొయ్యలు పెడుతున్నామని తెలిసి ముక్కున వేలు వేసుకుంటారు. నిజానికి వారానికి ఆరేడు రొయ్యలకు మించి కావు.

రెండవ ఏడాది వేసవికి ముందు తొట్టిలో అంతు పట్టని వ్యవహారం ఒకటి మొదలైంది. సార్జెంట్ మేజర్ల ఒంటి మీద, తోకకు కొంచెం ముందు, పొలుసులు లేచిపోయి గోరంత తెల్లటి మచ్చలు కనబడసాగాయి. రోగమని కొన్నాళ్ళు, రాళ్ళకు రాసుకుంటున్నాయని కొన్నాళ్ళు అనుకున్నాను. రాళ్ళన్నీ తీసి పదునైన అంచులు అరగదీశాను కూడా. ఒక రాత్రి హాలులో దీపం ఆర్పి, తొట్టి దీపం మాత్రం ఉంచి, కుర్చీ దూరంగా జరుపుకొని కూర్చున్నాను. గోస్తనీ నది భీమిలి దగ్గర సముద్రంలో కలిసే చోట విసురు వలలో పడితే తెచ్చుకొన్న టెరపాన్ జార్బువా పిల్ల ఒకటి అందులో ఉండేది. వెండి రంగు ఒంటి మీద నెలవంకల్లా వంగిన నల్ల చారలతో ఎంతో ముద్దుగా ఉండేది, మా అమ్మాయికి అదంటే ప్రాణం. అది గుంపులో ఒక చేపగా, ఏమీ ఎరుగనట్టు పక్కన ఈదుతూ ఈదుతూ, ముందున్న సార్జెంటు కొంచెం వెనుకబడగానే, కంటికి ఆనని వేగంతో తిరిగి పక్కలో ఒక్క పోటు పొడిచి, వెంటనే మళ్ళీ బుద్ధిమంతుడిలా తన చోటికి వచ్చేసింది. గాలిలో రేణువులా మెరుస్తూ ఒక పొలుసు కిందికి దిగుతూ ఉంటే, అది సగం దారిలోనే అందుకొని మింగింది. పది నిమిషాలలో నాలుగు సార్లు చూశాను. ఈ రకం పిల్లలు తోటి చేపల పొలుసులు తిని బతుకుతాయన్న విషయం శాస్త్రజ్ఞులు ఎప్పుడో నమోదు చేసినదేనని తరువాత చదివాను. దానిని పట్టబోతే గురగురమని చప్పుడు చేస్తూ నిరసన తెలిపింది; మరుసటి వారం భీమిలిలో, పట్టిన చోటే వదిలివచ్చాము. అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

వలలో చిల్లరగా వచ్చేవాటితో వేరే ప్రమాదం ఉన్నది. ఒకసారి ఒడ్డుకు లాగిన పెద్ద వలలో, నల్లటి ఒంటి మీద తల నుంచి తోక వైపు సాగే తెల్లని గీతలతో, ఒక బంతిలా ముద్దకట్టి తిరిగే జెల్ల జాతి పిల్లలు కనిపించాయి. చేయి పెట్టబోతే పెద్దాయన నా మణికట్టు పట్టుకొని ఆపారు: "అది కూరకి రాదు గానీ, సేతికి తగిల్తే రాత్రంతా ఏడిపిత్తాది." ఆ రోజుకు వాటిని మగ్గుతో తీసి తెచ్చాను గానీ, నెల తరువాత తొట్టి శుభ్రం చేస్తూ ఆయన మాట మరచిపోయి వేలు ఇచ్చాను. వెన్ను మీదా, రెండు పక్కలా ఉండే ముళ్ళలో విషం ఉంటుంది. ముల్లు దిగిన చూపుడు వేలు నుంచి మోచేయి దాకా నిప్పు పాకినట్టు మండింది. ఇటువంటి చేప విషాలు వేడికి విరుగుతాయి గనుక, చర్మం కాలనంత వేడి నీటిలో, సుమారు 45 డిగ్రీల దగ్గర, గంటకు పైగా చేయి ముంచి ఉంచితే నొప్పి సగానికి దిగింది. తరువాత డాక్టరు దగ్గరికి వెళ్ళి టీటీ ఇంజెక్షన్ చేయించుకున్నాను. పిల్లలున్న ఇంట్లో ఈ చేప వద్దని గట్టిగా చెబుతాను.

తొట్టికి మూత అవసరమన్న విషయం గోబీ అనే చిన్న గుంట చేప ఒకటి నేర్పింది. ఉదయం తొట్టిలో కనబడలేదు. మూడు రోజుల తరువాత ఫ్రిజ్ వెనుక ఎండి దొరికింది. ఈ జాతికే చెందిన ఒక అట్లాంటిక్ గోబీ, పోటు సమయంలో గుంటల మీదుగా ఈదుతూ వాటి అమరికను గుర్తు పెట్టుకొని, నీరు తగ్గాక ఒక గుంట నుంచి ఇంకో గుంటలోకి గురి తప్పకుండా దూకుతుందని అమెరికన్ శాస్త్రవేత్త లెస్టర్ అరన్సన్ 1951లో ప్రయోగాలతో చూపారు. మా గోబీ తన లెక్క ప్రకారం పక్క గుంటలోకే దూకి ఉంటుంది. మా హాలులో పక్క గుంట లేదు. ఇప్పుడు పైన దోమల తెర బిగించిన చట్రం ఉన్నది.

రోగాలలో నన్ను బాగా సతాయించినది తెల్ల మచ్చల జబ్బు. క్రిప్టోకారియాన్ అనే ఏకకణ జీవి చేప చర్మంలో దూరి ఉప్పు గింజల్లా కనబడుతుంది. కొద్ది రోజులకు మచ్చలు వాటంతట అవే మాయమవుతాయి. ఆ మాయం చూసి నేను సంబరపడ్డాను. నిజానికి అది చేపను వదిలి అడుగుకు చేరి, గట్టి కవచం కట్టుకొని, లోపల వందలుగా విడిపోయి, వారాల తరువాత మళ్ళీ చేపల మీదికి వస్తుంది. రెండవసారి వచ్చినప్పుడు మూడు చేపలు పోయాయి. రాగి మందు వేస్తే ఆ పరాన్నజీవి చస్తుంది గానీ, తొట్టిలోని, ఖాళీ నత్త గుల్లలలో కాపురముండే సన్యాసి పీతలు, నత్తలు కూడా చస్తాయి. ఇక్కడ మాత్రం మన చేపల గుణం కలిసివచ్చింది. మిగిలిన చేపలన్నిటినీ వేరే ప్లాస్టిక్ తొట్టెలోకి మార్చి, రెండు రోజులలో ఉప్పును 15కు దించి, నాలుగు వారాలు అక్కడే నిలిపాను. సప్ప నీటికి అలవాటు పడ్డ మన తీరపు చేపలు మేత కూడా మానలేదు. ఆ పరాన్నజీవి మాత్రం అంత తక్కువ ఉప్పులో బతకలేదు. అసలు తొట్టిని రెండున్నర నెలలు చేప లేకుండా ఖాళీగా నడిపాను, కవచాల నుంచి బయటికి వచ్చినవాటికి ఆతిథ్యం దొరకకుండా. చేపలను తిరిగి పాత ఉప్పుకు ఎక్కించడానికి పది రోజులు తీసుకున్నాను. అప్పటి నుంచి కొత్తగా వచ్చిన ఏ చేపైనా నెల రోజులు విడిగా ఉండవలసిందే.

మే నెలలో తొట్టి నీరు 31 డిగ్రీలు దాటుతుంది. నీటిని చల్లబరిచే చిల్లరు యంత్రం కొనే స్థోమత లేదు, అవసరమూ పడలేదు. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఒకటి రెండు డిగ్రీలు తగ్గుతుంది, మన గాలిలోని ఉక్కకు అంతకంటే తగ్గదు. నీరు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది గనుక రెండవ గాలి పంపు పెడతాను. ఫ్యాను వల్ల రోజుకు రెండు లీటర్ల దాకా ఆవిరైపోతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది, కాబట్టి అద్దం మీద గీసిన గీత దాకా ఆర్‌ఓ నీరే పోయాలి. కరెంటు పోతే గంటలలోనే ఫిల్టరులోని బాక్టీరియా ఊపిరాడక చావడం మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో రోజుల తరబడి చీకటే. అప్పటికి తొట్టి లేదు గానీ, ఆ రోజులు గుర్తుండబట్టి గాలి పంపును మొదటి రోజు నుంచే ఇన్వర్టరుకు కలిపాను, బ్యాటరీ పంపులు ఇంకో రెండు బీరువాలో ఉంటాయి.

సార్జెంట్ మేజర్ పెరిగితే జానెడు అవుతుంది. అరచేయి పొడవు దాటగానే తొట్టి అంతా తనదేనని చిన్నవాటిని తరమడం మొదలుపెడుతుంది. అటువంటప్పుడు దానిని పట్టిన గుంట దగ్గరికే తీసుకువెళ్ళి వదులుతాను. దుకాణపు చేపలతో ఒక్కసారైనా కలిపి పెట్టిన చేపను సముద్రంలో వదలకూడదు. ఎక్కడి రోగమో ఇక్కడికి అంటించినట్టవుతుంది. మొదటి మూడు చేపలు పోయిన తరువాత నేను దుకాణం గడప తొక్కకపోవడానికి ఇదీ ఒక కారణమే.

ఇప్పుడు తొట్టిలో మూడు సార్జెంట్ మేజర్లు, రెండు బ్లెనీలు, ఒక గోబీ, ఐదు సన్యాసి పీతలు ఉన్నాయి. పీతలు గుల్లలు మార్చుకోవడానికి వీలుగా ఖాళీ నత్త గుల్లలు నాలుగు పెద్ద సైజువి ఒక మూల వేసి ఉంచాను. పెద్ద పీత ఒకటి వాటిలో ఒక్కొక్కదాని నోటిలో కాలు పెట్టి, లోపల తడిమి చూసి, ఏదీ నచ్చక మళ్ళీ పాతదానిలోనే తిరుగుతున్నది. మొన్న పౌర్ణమికి కొలిస్తే సముద్రంలో 29, తొట్టిలో 31. ఈ ఆదివారం నీరు మార్చేటప్పుడు ఆర్‌ఓ నీరు ఆరు లీటర్లు అదనంగా కలపాలి. పెద్దాయన బోటు బాగుచేతలో ఉన్నదట, డ్రమ్ములో మిగిలిన నీరు ఇంకో రెండు మార్పులకే వస్తుంది.